దూదిది తప్పు కాదు

రండి, ఆ మంచం ఇట్లా జరుపుకుని దగ్గరగా కూర్చోండి. నా గొంతు ఇప్పుడు దూరం పోలేదు, మీ చెవులే నా దాకా రావాలి. ఆ గోడకు అడ్డంగా వేలాడే పొడుగాటి విల్లు, దాని కింద చారల పరుపుగుడ్డ తొడుక్కుని కూర్చున్న చెక్కపెట్టె ఉన్నాయి చూడండి, వాటిని ఎందుకు పారేయవని నిన్న మీలో ఒకరు అడిగారు. విల్లు మీ జేజినాయన వాళ్ళ నాయనది. పెట్టె మీ జేజినాయనది. ఇప్పుడు ఒకే గోడ పట్టున ఇంత స్నేహంగా ఉన్నాయి గానీ, ఒక ఎండాకాలంలో ఆ రెండూ ఒక ఇంట్లో ఇమడలేకపోయాయి. ఎందుకు ఇమడలేదో, మళ్ళీ ఎట్లా ఇమిడాయో చూసినదాన్ని ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను.

కర్నూలు నుంచి రాజధాని హైదరాబాదుకు తరలిపోయిన మరుసటి ఎండాకాలం అది. డోన్ స్టేషను వెనక మా సందులోకి కరెంటు వచ్చి ఎంతో కాలం కాలేదు. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చీ ఎంతో కాలం కాలేదు. మా అత్త మాబున్నీసా మా ఇద్దరినీ ఒకే అనుమానంతో చూసేది. దీపం వేసేటప్పుడు బొత్తామును కొంగుతో పట్టుకుని నొక్కేది, నాకు ఉప్పు డబ్బా ఇచ్చేటప్పుడు కూడా అదే ముఖం.

మా వాళ్ళంతా దూది ఏకి బతికినవాళ్ళు. మా మామ దస్తగిరి చేతి పరుపు లేకుండా ఆ చుట్టుపక్కల పెళ్ళి జరిగేది కాదు. ముందర ఉన్న పెద్ద గదిలో, నాపరాళ్ళ మీద దూది కుప్ప పోసి, పైకప్పు దూలానికి తాడుతో వేలాడదీసిన ఈ విల్లును ఎడమ చేత్తో పట్టి, కుడి చేతిలోని కర్ర గుండుతో నారిని మీటేవాడు. డుంయ్ మని ఒక మోత. ఆ మోతకు ముద్దగా పడివున్న దూది విడిపోయి, మంచు మాదిరి లేచి, మళ్ళీ మెల్లగా దిగేది. తెల్లారకముందే మొదలుపెట్టి, ఎండ ముదిరేలోపు ఆపేసేవాడు. ఎండెక్కితే గాలి లేస్తుంది, దూది చెప్పిన మాట వినదు. ఆ కాసేపట్లో ఇల్లంతా దూదే. బియ్యంలో దూది, పక్కింటి చంకబిడ్డ తలలో దూది, నా కనురెప్పల మీద దూది. పుట్టింటికి పోతే మా అమ్మ నా జడలోంచి ఏరి, మీ మామ క్షేమమేనన్నమాట అనేది.

మాట తక్కువ మనిషి మా మామ. ఆయన మెచ్చుకోవడానికి ఒకటే మాట వాడేవాడు, నారి బిగువుగా ఉందని. పప్పు బాగుంటే నారి బిగువు. ఎవరైనా పిల్ల చక్కగా చదివితే నారి బిగువు. నేను వచ్చిన కొత్తలో చేసిన ఉలవచారు తిని ఆ మాట అన్నాడు. అర్థం కాక పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చాను కూడా.

మీ జేజినాయన ఇమాం వలికి మాత్రం విల్లు మీద మనసు పోలేదు. గుంతకల్లులో రేడియోలు బాగుచేసే ఒకాయన దగ్గర పని నేర్చుకుని వచ్చి, అదే గదిలో కిటికీ పక్కన బల్ల వేసుకున్నాడు. ఒక మూల తండ్రి విల్లు, ఇంకో మూల కొడుకు వైర్లు. రైల్వేలో ఇంజన్ల షెడ్డులో పనిచేసే గాబ్రియేలు ఆయనకు ప్రాణస్నేహితుడు. గాబ్రియేలు దగ్గర ఒక గిటారు ఉండేది. మామూలుగా నిలబెట్టుకుని వాయించేది కాదు, ఒళ్ళో పడుకోబెట్టుకుని తీగల మీద ఇనుప కడ్డీ జారుస్తూ వాయించేది. ఆ కడ్డీ జారుతుంటే స్వరం మెట్లు దిగినట్టు కాక, నూనె జారినట్టు దిగేది. చాలా అందంగా ఉండేది, కానీ పక్క గదికి కూడా వినపడేది కాదు.

గాబ్రియేలు చెల్లెలు ఎస్తేరమ్మకు మే నెల చివర పెళ్ళి కుదిరింది. పరుపులు కుట్టమని అతను మా మామకు చెప్పాడు. పెళ్ళి పందిట్లో తన గిటారు చివరి వరసదాకా వినిపించే పెట్టె ఒకటి తయారుచేయమని మీ జేజినాయనకు చెప్పాడు. ఆ రోజుల్లో అట్లాంటి పెట్టె కొనాలంటే మద్రాసు పోవాలి. చేస్తానని ఈయన మాటిచ్చేశాడు.

మా మామ ఆ మాట వింటూ వింటూ నారిని ఒకసారి మీటి ఆపాడు.

"ఒరేయ్ వలీ. నీ పెట్టె పందిట్లో చక్కంగ పలికితే నీ దావ నీది, నేను అడ్డం రాను. పలకకపోతే మరుసనాడు పొద్దున్నే ఈడ నా పక్కన కూచోని విల్లు పట్టాల. మళ్ళ ఆ బల్ల కాడికి పోకూడదు."

"సరే నాయనా," అన్నాడు ఈయన. అంతే. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను గానీ, వాళ్ళిద్దరూ ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు. ఇద్దరూ మాట తప్పని రకం. అందుకే నాకు భయం.

ఇక ఈయన తిండి, నిద్ర అన్నీ ఆ బల్ల దగ్గరే. పాత రేడియోల్లోంచి తీసిన గాజుబుడ్లు, వాల్వులంటారు వాటిని, వెలిగిస్తే లోపల నిప్పుకణిక మాదిరి ఎర్రగా కనపడేవి. రేకును కత్తిరించి, తొలిచి, వాటికి గద్దెలు చేశాడు. రాగితీగ చుట్టడానికి నా దారపు కండె పట్టుకుపోయాడు. చింతమాను చెక్కతో పెట్టె చేశాడు. గాబ్రియేలు గిటారు తీగల కింద అయస్కాంతం ఒకటి బిగించి, దాన్నుంచి వైరు తీసి ఈ పెట్టెలో పెడితే, తీగ కదిలినంత మాత్రాన పెట్టె గట్టిగా పలకాలి. అదీ లెక్క.

మొదటిసారి వెలిగించిన రోజు పెట్టె పలకకముందు మా అత్త పలికింది. పిండి తడిపిన చేత్తో, పెట్టె రేకు మీద పడ్డ దూది తుడుద్దామని ముట్టుకుంది. చేయి జుమ్మంది. దెయ్యాన్ని తెచ్చి ఇంట్లో కూర్చోబెట్టావు కదరా అని అందుకుంది. ఈయన వచ్చి అదే రేకు మీద అరచేయి ఆనించి, ఏమీ లేదమ్మా, నీ భయం అన్నాడు. ఆమె ఆయన ముఖం చూడలేదు, కాళ్ళ వైపు చూసింది. పని చేసేటప్పుడు ఈయన టైరు చెప్పులు విడిచేవాడు కాదు.

"అవి ఇడిచి ముట్టుకో నాయనా," అంది తియ్యగా.

ఇడిచి, నాపరాయి మీద వట్టి కాళ్ళతో నిలబడి ముట్టుకున్నాడు. ఎగిరి గోడకు ఆనుకున్నాడు. దూదికుప్ప వెనకనుంచి మా మామ నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి.

తర్వాత ఈయన నాకు చెప్పాడు, లోపల తిరగాల్సిన కరెంటు కొంచెం దారి తప్పి రేకులోకి వచ్చిందనీ, నేలలోకి పోయే దారి దొరక్క ఎవరు ముట్టుకుంటే వాళ్ళలోంచి పోతోందనీ. దానికి వేరే దారి చూపించాలట. ఒక ఇనుప కడ్డీ తెచ్చి వాకిట్లో దిగ్గొట్టి, రేకునుంచి దానికి వైరు కట్టాడు. అయినా జుమ్మనడం పోలేదు. మన నేల సంగతి మీకు తెలియనిదా, ఆ ఎండల్లో సమ్మెట దెబ్బకు నిప్పురవ్వలు లేచాయి. అంత ఎండిన మట్టిలోకి కరెంటు కూడా దిగదట. అప్పుడు పెరట్లో నేను గిన్నెలు తోమిన నీళ్ళు పారే చోట ఉన్న పుదీనా మడి చూసి, కడ్డీ పీకి తెచ్చి అక్కడ పాతాడు. పెట్టె కుదురుకుంది. మా అత్త ముందు కోడిచేత తొక్కించి, తర్వాత నాచేత ముట్టించి, చివరికి తను ముట్టుకుని ఒప్పుకుంది. కరెంటుకు నీళ్ళు పోసే కోడలు డోన్‌లో తనకొక్కదానికే ఉందని సందంతా చెప్పుకుంది. ఆ ఏడు వచ్చినంత ఏపుగా మా పుదీనా మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

అప్పుడు గాబ్రియేలు గిటారు తెచ్చుకుని వచ్చాడు. మధ్యాహ్నం, అన్నాలయ్యాక. ఒళ్ళో పెట్టుకుని కడ్డీ జార్చాడు. అబ్బా, ఏం చెప్పను మీకు. ఆ స్వరం గదినిండా నిండి సందులోకి పోయింది. దారిన పోయే గిడ్డమ్మ, ఊరగాయ కారం అమ్మే ఆమె, గంప దించి మా అరుగు మీద కూర్చుంది. ఈయన ముఖం వెలిగిపోతోంది. ఇంకొంచెం పెంచుదామని సద్దు పెంచే బిరడా తిప్పాడు.

గర్రుమంది. ఎండుటాకుల మీద మేకలు పరిగెత్తినట్టు. తిప్పడం ఆపితే గరగర ఆగింది. మళ్ళీ తిప్పితే మళ్ళీ. పాట తగ్గించబోయినా గరగరే, పెంచబోయినా గరగరే.

"ఏమప్పా వలీ, నా గిటారు గొంతులో ఏందో అడ్డం పడిండాది," అన్నాడు గాబ్రియేలు. గిడ్డమ్మ గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఈయన పెట్టె విప్పి, ఆ బిరడా వెనకనున్న కంట్రోలును ఊడదీశాడు. గుండ్రంగా, రూపాయి బిళ్ళంత ఉంటుంది. లోపల నల్లటి పట్టీ మీద చిన్న రేకు రాసుకుంటూ తిరుగుతుంది. ఆ పట్టీ మీద, సన్నగా, పొగ మాదిరి దూది పోగు. దాన్ని పట్టకారతో తీసి వెలుతురులో పట్టుకుని చూశాడు. తర్వాత గదికి ఆ మూల ఉన్న దూదికుప్ప వైపు చూశాడు. గోడకు ఆనుకుని కునుకు తీస్తున్నాడనుకున్న మా మామ కళ్ళు తెరిచే ఉన్నాయని నేను చూశాను, ఈయన చూడలేదు.

"ఈ దూది ఈ ఇంట్లో ఎగిరినన్ని దినాలు నా పెట్టె బాగుపడదు," అన్నాడు గాబ్రియేలుతో.

గాబ్రియేలుతో అన్నా, ఆ మాట పోవాల్సిన చోటికి పోయింది. మా మామ లేచాడు. దూలానికున్న తాడు విప్పాడు. విల్లు భుజాన వేసుకుని, కర్ర గుండు చంకన పెట్టుకుని, పెరట్లో మేకలు కట్టేసే కొట్టంలోకి పోయాడు. ఇంకో విడత వచ్చి దూది మూట తీసుకుపోయాడు. కోపం చూపలేదు. వంగి వంగి ఆ పొట్టి తలుపులోంచి అంత పొడుగు విల్లును లోపలికి ఎట్లా తీసుకుపోయాడో గానీ, గీత కూడా పడనివ్వలేదు.

ఆ తర్వాతి రోజులు నేను మరిచిపోలేను. ఆ కొట్టానికి మూడు పక్కలే గోడ, నాలుగో పక్క కంప తడిక. గాలికి దూది ఎగిరిపోతుందని ఆ తడికకు గోనెసంచులు కట్టుకున్నాడు. కట్టుకుంటే ఊపిరాడదు. పైన బోదగడ్డి కప్పు, లోపల మేకల వాసన, బయట రోహిణి ఎండ. నీళ్ళు తీసుకుపోతే ఆయన ఒంటిమీద చెమటకు దూది అతుక్కుని, మనిషి తెల్లటి నూగు పట్టిన కాయ మాదిరి ఉండేవాడు. ఇంట్లోకి వచ్చేముందు బయటే నిలబడి, తుండుతో ఒళ్ళంతా దులుపుకుని, ఒక్క పోగు లేదని చూసుకున్నాకే గడప దాటేవాడు. కొడుకు బల్ల ఉన్న గదిలోంచి కాక, చుట్టు తిరిగి వంటింట్లోంచి వచ్చేవాడు. కొడుకు మీద కోపంతో కాదు పిల్లలూ. కొడుకు పని చెడకూడదని. అట్లాంటి మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

మా అత్త ఊరుకుంటుందా. సంగటి వడ్డిస్తూ, నాయన మేకల్లో, కొడుకు మేడలో అనేది. మీ జేజినాయన తలవంచుకుని తినేవాడు. తండ్రిని బయటికి పంపాలని ఆయన అనుకోలేదు. కానీ పంపినట్టే అయింది. ఇక పెట్టెను బాగుచేసి చూపించడం తప్ప ఆ మాటకు మాఫీ లేదని ఆయన మనసులో పడిపోయింది.

నేను గది అంతా కడిగాను. దూలాలు దులిపాను. కిటికీకి తడిగుడ్డ కట్టాను. ఆయన కంట్రోలును స్పిరిట్టుతో తుడిచి, ఆరబెట్టి, బిగించాడు. గరగర వచ్చింది. మళ్ళీ విప్పాడు, అద్దంలా ఉంది. మళ్ళీ తుడిచాడు. మళ్ళీ వచ్చింది. ఆఖరికి గాబ్రియేలు, మద్రాసు బండి మీద పోయే గార్డుకు చెప్పి, కొత్త కంట్రోలు తెప్పించాడు. కాగితం పొట్లంలోంచి తీసి బిగించారు. కాసేపు పట్టు మీద వేలు జారినట్టు తిరిగింది. మాపటికి అదీ గరగర.

దూదిని ఇంట్లోంచి పంపేశాం. దూది చూడని కొత్త సామాను పెట్టాం. మరి గరగర ఎక్కడినుంచి వస్తోంది? ఆ ప్రశ్న ఇద్దరం పైకి అనలేదు. అంటే తర్వాతి ప్రశ్న కొట్టంలో కూర్చున్న మనిషి గురించి.

నేను వైర్లు తెలిసినదాన్ని కాదు. కానీ ఇంట్లో ఏ చప్పుడు ఏ వేళకు వస్తుందో తెలుసు. ఆడవాళ్ళకు పొద్దు గడియారంలో నడవదు, చప్పుళ్ళలో నడుస్తుంది. అన్నం పెడుతూ అన్నాను.

"ఏమయ్యా, పొద్దున పూట అది గరగర అనడంల్యా. నేను చద్ది తెచ్చినప్పుడు బాగుంటాది. అన్నం తెచ్చినప్పుడే పాడు. మామ దూది ఏకేది పొద్దున గదా, మధ్యాన్నం కాదు గదా."

ముద్ద కలుపుతున్న చేయి ఆగిపోయింది. తర్వాత, మెల్లగా, నాతో కాదు, అన్నంతో చెప్పినట్టు అన్నాడు.

"మురికి కాదు. ఉడుకు."

తినకుండానే చేయి కడుక్కుని, పెట్టె నెత్తిన పెట్టుకుని రైల్వే క్వార్టర్లలో గాబ్రియేలు ఇంటికి పోయాడు. కరెంటు వోల్టులు చూపించే ముల్లు గడియారం ఒకటి షెడ్డు వాళ్ళది గాబ్రియేలు దగ్గర ఉండేది. అక్కడ జరిగింది నేను కళ్ళారా చూడలేదు, తర్వాత ఆయన నాకు విడమరిచి చెప్పాడు. నాకు అర్థం కావాలని కడవతో చెప్పాడు.

"కడవ నిండా నీళ్ళుండాయి అనుకో. బయట తడితే మోత లోపలికీ పోతాది, బయటికీ వస్తాది. నీళ్ళు మాత్రం రావు. పెట్టెలో కండెన్సరని ఒక సామానుంటాది, అది కడవ గోడ మాదిరి. పాటను పోనిస్తాది, కరెంటును ఆపేస్తాది. ఆ గోడ నెర్రిచ్చింది చాందూ. చల్లగున్నప్పుడు బాగుంటాది, ఉడుకు తగిలితే నెర్రె విచ్చుకోని కరెంటు కారతాది. కారి, కంట్రోలు మీదికి వస్తాది. పాట మాత్రమే రావల్సిన చోట కరెంటు నిలబడి ఉంటే, బిరడా తిప్పినప్పుడల్లా గరగరే. కంట్రోలు తప్పేమీ లేదు. దాని మీదికి రాకూడనిది వస్తాండాది."

కండెన్సరుకు అవతలి కాలు దగ్గర ముల్లు పెడితే, కదలకూడని ముల్లు కదిలిందట. కండెన్సరు కాలు ఒకటి ఊడదీసి బిరడా తిప్పితే పాట లేదు, గరగరా లేదట. దానికి మైనం పూత ఉంటుంది. ఆ మైనం కరిగి కిందికి జారి గడ్డకట్టి ఉంది. ఎందుకు కరిగింది? అన్నిటికంటే ఎక్కువ కాలే గాజుబుడ్డి పక్కన, ఆనుకునేంత దగ్గరగా, చోటు కలిసివస్తుందని ఈయనే పెట్టాడు. చలికాలమైతే ఓర్చుకునేదేమో. మన ఎండాకాలం, పైగా పక్కన నిప్పు.

గాబ్రియేలు దగ్గర ఒక చెడిపోయిన రేడియో ఉంటే, దాన్నుంచి గట్టి కండెన్సరు తీసి, ముల్లుతో చూసుకుని, గాజుబుడ్లకు దూరంగా, చల్లటి మూలన బిగించారు. ఎండలో వాకిట్లో పెట్టి, కావాలని కాగనిచ్చి, బిరడా తిప్పారు. గాబ్రియేలు ఈయన్ను ఎత్తి గుండ్రంగా తిప్పాడట. ఈయన మాత్రం దించు, ఇంటికి పోవాల అన్నాడట.

వచ్చేసరికి పొద్దు వాలుతోంది. మా అత్త అరుగు మీద కూర్చుని, ఏమైందని అడిగింది. పెట్టె ఆమె పక్కన దించి, నేరుగా పెరట్లోకి పోయాడు. నేను మామకు నీళ్ళు ఇచ్చి కొట్టం దగ్గరే ఉన్నాను. మా మామ ఎస్తేరమ్మ పరుపుకు అంచు కుడుతున్నాడు. విల్లు గోడకు ఆనించి ఉంది. ఈయన లోపలికి వంగి, విల్లు మీద చేయి వేశాడు.

"ఏంటికిరా దాన్ని ముట్టుకుంటాండావు?"

"లోపల కడతా నాయనా. దూలానికి."

"నీ పెట్టెలోకి దూది పోతాది గదా."

"గరగర దూదిది కాదు. ఒక సామాను నేను పెట్టకూడని చోట పెడితి. ఉడుక్కు చెడింది. తప్పు నాది."

మా మామ సూది ఆపలేదు. ఆ వరస చివరిదాకా కుట్టి, ముడి వేసి, దారం పంటితో కొరికాడు. అప్పుడు ఈయన చేతుల వైపు చూశాడు.

"చేతికి చెమట ఉండాది. నారి తాకకుండా ఎత్తుకో."

అంతే అన్నాడు. విల్లు తలుపులో పట్టలేదు. ఈయనకు దాన్ని ఎట్లా వంచాలో తెలియదు. ఎన్నాళ్ళయిందో పట్టుకుని. మా మామ లేచి రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరూ ముందూ వెనకా నడుస్తూ, పుదీనా మడి పక్కనుంచి, ఈసారి వంటింట్లోంచి కాక ముందరి వాకిలి గుండా లోపలికి తెచ్చారు. మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమెకు మాట రాకపోవడం కూడా నేను అదే మొదటిసారి చూడటం.

మరునాడు తెల్లారకముందే డుంయ్ మని మోత. చాలా రోజుల తర్వాత నా కనురెప్పల మీద దూది. ఎండెక్కాక మా మామ ఈయన బల్ల దగ్గరికి వచ్చి, జానతో పెట్టె కొలిచాడు. ఇటు, అటు, ఎత్తు. సాయంత్రానికి పరుపుగుడ్డ చారలది కత్తిరించి తొడుగు కుట్టి, సద్దు బయటికి వచ్చే చోట పల్చటి గుడ్డ వేసి, గాలి ఆడటానికి వెనక కన్నాలు కుట్టి ఇచ్చాడు. దూది తప్పు లేకున్నా దుమ్ము దుమ్మే గదా అన్నాడట. అదిగో, అదే గుడ్డ. రంగు పోయింది గానీ కుట్టు చూడండి, ఒక్కటి ఊడలేదు.

పెళ్ళి రోజు వాళ్ళ చర్చి గుడి ముందర పందిరి. రైల్వే వాళ్ళు, ఊరి వాళ్ళు, మా వాళ్ళు, ఎవరు రాలేదని చెప్పను. ఈయన పుదీనా మడిలోని కడ్డీ పీకి తెచ్చి తాగునీటి కడవల కింద తడినేలలో పాతాడు. ఎండకు తడి ఆరిపోతుందేమోనని మా అత్త చెంబు పట్టుకుని దాని పక్కనే కూర్చుంది, పిల్లలు ఆ వైరు తొక్కకుండా కసురుతూ. దెయ్యమని తిట్టినావు గదా అత్తా అని గాబ్రియేలు ఆటపట్టిస్తే, దెయ్యమైనా మా ఇంటిది అంది.

వధూవరులు గుడిలోంచి బయటికి వచ్చి కూర్చున్నాక గాబ్రియేలు వాయించాడు. మొదట సద్దు తగ్గించి. ఆపైన ఈయన వంగి, బిరడా మీద వేళ్ళు పెట్టాడు. నాకు ఆ వేళ్ళే కనిపిస్తున్నాయి. తిప్పాడు. పాట లేచింది. పాట తప్ప ఇంకేమీ లేవలేదు. కుండలో పోసిన పాలు పైకి వచ్చినట్టు మెత్తగా నిండుకుంటూ వచ్చి, పందిరి దాటి, రైలు పట్టాల అవతలికి పోయింది. పసిపిల్లలు ఏడుపు ఆపారు. ఎస్తేరమ్మ తలవంచుకుని ముసుగులో కళ్ళు తుడుచుకుంది. నేను ఆయన్ను పెళ్ళాడి అప్పటికి చాలా రోజులే అయింది గానీ, ఈయన నా మొగుడని పక్కనున్నామెకు చెప్పుకోవాలని బుద్ధి పుట్టింది మాత్రం ఆ పూటే.

మా మామ పందిరి చివర, కట్టిపెట్టిన పరుపుల మూట మీద కూర్చుని విన్నాడు. తల ఊపలేదు, చేయి ఊపలేదు. నారి బిగువు అంటాడేమోనని ఈయన అటే చూస్తున్నాడు. అందరూ గాబ్రియేలు చుట్టూ, ఈయన చుట్టూ మూగేసరికి, తుండు దులిపి భుజాన వేసుకుని ఒక్కడే ఇంటికి వెళ్ళిపోయాడు. ఏమీ అనకుండా.

చక్కగా పలికితే అని కదా మాట. చక్కగా పలికిందో లేదో చెప్పాల్సింది ఆయన.

మరునాడు చీకటితోనే ఈయన లేచి, ముఖం కడుక్కుని, బల్ల దగ్గరికి పోకుండా, దూదికుప్ప పక్కన వచ్చి కూర్చున్నాడు. మాటంటే మాటే. మా మామ ఆయన్ను చూశాడు. విల్లు అందుకోమనలేదు, వద్దనలేదు. తానే గుండు తీసుకుని నారిని ఒకసారి మీటాడు. మోత పూర్తిగా ఆరిందాకా ఆగాడు. నేను పొయ్యి ఊదడం ఆపేశాను.

"నిన్న మూడో పాట కాడ గాబ్రియేలు పైతీగ రవ్వంత వదులాయె. చూసుకున్నాడా వాడు?"

ఈయన ముఖం చూడాలి మీరు. "చూసుకున్యాడు నాయనా. పాట మధ్యలోనే బిగిచ్చుకున్యాడు. ఇంకెవరికీ తెలీలేదనుకుంటిమి."

"నేను పందిరి చివర కూచోనింటి. ఆడికి గూడ తెలిసె." దూదిని చేత్తో ఒకసారి కలిపాడు. "నీ పెట్టె ఉన్నది ఉన్నట్టు చెప్తాది. ఫో, ఫో. నీ పని చూసుకో, నా ముందర గాలికి అడ్డం కూచోవద్దు."

నారి బిగువని ఊరందరినీ అన్నాడు ఆయన. తీగ వదులైందని కొడుకొక్కడితోనే అన్నాడు. మీ జేజినాయన ఆ రోజు లేచి బల్ల దగ్గరికి నడిచిన నడక ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది. మామ ఉన్నన్నాళ్ళూ ఏ పెట్టె చేసినా, ఇంకొకరికి ఇచ్చే ముందు ఆయన చెవిన వేయకుండా ఇవ్వలేదు. విల్లు ఆ గదిలోంచి మళ్ళీ బయటికి పోలేదు.

రేపు మీరు మీ పిల్లలకు ఈ సంగతి చెప్పాలి, నాకు ఇప్పుడే మాటివ్వండి. పెట్టె ముందు చెప్పండి, విల్లు ముందు చెప్పండి, మీ ఇష్టం. మీ అత్తమ్మల మాదిరి కొంచెం ఉప్పూకారం కలిపినా నేనేమీ అనను. ఒక్కటి మాత్రం వదలొద్దు. వినేవాళ్ళు ఎప్పుడూ తొందరపడి, ఓహో, దూది పడి పాడైందన్నమాట అంటారు. అప్పుడు ఆపి, వాళ్ళ ముఖం చూసి చెప్పండి, ఆ ఇంట్లో దూది మంచులా ఎగురుతుండగానే ఆ పెట్టె నిక్షేపంగా పలికిందని. దూదిది తప్పు కాదని చెప్పండి.